వినికిడి మిషను ఒక్కటే చాలదు

కళ్ళకు చత్వారం వస్తే జోడు పెట్టుకుంటాం. జోడు పెట్టుకున్న మనిషిని చూసి ఎవరూ నవ్వరు. పైగా "అద్దాలు పెట్టుకుంటే పంతులుగారిలా వున్నావు" అని మెచ్చుకుంటాం కూడా. అదే, చెవికి మిషను పెట్టుకోమని చెప్పి చూడండి! "నేనేమన్న చెవిటోణ్ణనుకున్నవా?" అని ఇంటాయన గయ్యిమంటాడు. చూపు తగ్గితే జాలి, వినికిడి తగ్గితే నవ్వు. ఇదీ లోకం తీరు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. సామెతలే ఇలా వుంటే ఇక నాటకాల సంగతి, సినిమాల సంగతి చెప్పేదేముంది? ఈ నవ్వుకు వెరచే ఎందరో తమ చెవుడును ఏళ్ళ తరబడి దాచుకుంటారు. దాచుకున్నంత కాలమూ తమ ఇంట్లో తామే పరాయివాళ్ళుగా బతుకుతారు.

నస్పూరు, శ్రీరాంపూరు కాలనీల్లో కాపురముంటున్న అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. సింగరేణి బాయి పని చేసిన మనిషి లేని వాడకట్టు ఇక్కడ వుండదు. బాయిలో డ్రిల్లు మిషను మోత, గాలి పంపే ఫ్యాన్ల హోరు, బొగ్గు మోసే బెల్టుల చప్పుడు, పేలుళ్ళు. ఓపెన్ కాస్టులో అయితే డంపర్లు, డోజర్లు. ముప్ఫయ్యేళ్ళు ఆ మోతలో గడిపి రిటైరైన మనిషి ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. ఆ టీవీ నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. "మామా, అన్నం తింటరా?" అని కోడలు అడిగితే పలకడు. రెండోసారి గట్టిగా అడిగితే "ఎందుకట్ల ఒర్రుతవ్?" అని కసురుకుంటాడు. కోడలు చిన్నబుచ్చుకుంటుంది. ఇంట్లో పొరపొచ్చాలు రావడానికి ఆస్తి తగాదాలే వుండాలా? చెవి ఒక్కటి చాలు.

ఇంతకూ చెవిలో జరిగేదేమిటి? చెవి లోపల, బాగా లోతున, నత్తగుల్ల ఆకారంలో బఠాణీ గింజంత భాగం ఒకటి వుంది. అందులో సన్నని వెంట్రుకల వంటి మొనలున్న కణాలు పుట్టుకతోనే సుమారు 15 వేలు వుంటాయి. ధ్వని వచ్చి తాకగానే ఇవి గాలికి వరిచేను వూగినట్టు వూగి, ఆ కబురును నరం ద్వారా మెదడుకు చేరవేస్తాయి. పెద్ద మోత రోజూ పడుతూ వుంటే గాలివానకు చేను పడిపోయినట్టు పడిపోతాయి. చేను మళ్ళీ వేసుకోవచ్చు. ఈ కణాలు మాత్రం మనిషికి మళ్ళీ మొలవవు. అందుకే మోత వల్ల స్థిరపడిపోయిన చెవుడు మందుతోనో సూదితోనో తిరిగి రాదు. రాకుండా చూసుకోవాలి, వచ్చాక మిషనుతో సర్దుకోవాలి. వయసుతో వచ్చే చెవుడు కూడా చాలావరకు ఈ తీరుదే.

ముందుగా దెబ్బ తినేవి సన్నని, కీచు ధ్వనులను అందుకునే కణాలు. మన మాటలో అచ్చులు బలంగా వుంటాయి. క, చ, త, ప, స వంటి హల్లులు తేలికగా, సన్నగా వుంటాయి. అచ్చు వినబడుతుంది, హల్లు జారిపోతుంది. పప్పు అడిగితే ఉప్పు తెస్తాడు. వడ్డించేటప్పుడు "చాలా?" అని మీరంటే "పాలా? వద్దు" అంటాడు. "వినవడ్తది గని సమజైతలేదు" అనే మాట మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? అది సాకు కాదు, పచ్చి నిజం. "తనకు కావలసినప్పుడు బాగానే వినబడుతుంది" అని మనం దెప్పుతాం. అందులోనూ కిటుకు వుంది. గది నిశ్శబ్దంగా వుండి, ఎదురుగా ఒక్కరే కూర్చుని మాట్లాడితే, పెదవుల కదలిక కూడా తోడై మాట అందుతుంది. పెళ్ళి పందిట్లో, కుక్కరు కూతల మధ్య అదే మనిషికి ఏమీ అందదు. చెవి అదే, చోటు మారింది.

మరి గుర్తు పట్టడం ఎలా? మాటిమాటికి "ఆఁ?" అనడం, టీవీ పెంచడం, మగవాళ్ళ గొంతు తెలిసినంతగా ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు తెలియకపోవడం, రాత్రివేళ చెవిలో కీచురాయి మోగినట్టు వుండటం, పెళ్ళికీ పేరంటానికీ రానని మొండికేయడం. ఈ చివరిది అన్నిటికన్న చెడ్డ గుర్తు. మనిషి నలుగురిలోంచి తప్పుకుంటున్నాడన్నమాట.

"ముసలితనంలో చెవులు పోక ఏమవుతాయి, పోనిద్దురూ" అనేవారున్నారు. అలా వదిలేయడం మంచిది కాదు. వినికిడి తగ్గినవారికి మాట కరువవుతుంది, మాట కరువైతే దిగులు పడుతుంది. మతిమరుపు జబ్బు మీద 'లాన్సెట్' వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లోనూ, 2020లోనూ, 2024లోనూ నివేదికలిచ్చింది. మన చేతిలో వున్న కారణాలేమిటో చెబుతూ, వినికిడి లోపాన్ని మూడింటిలోనూ పేర్కొంది. వెనకనుంచి వచ్చే లారీ హారను వినబడకపోతే జరిగే ప్రమాదం సంగతి వేరే చెప్పాలా?

చెవి మందగించిందనిపిస్తే మొదటి పని మిషను కొనడం కాదు, చెవి డాక్టరుకు చూపించడం. ఒక్కోసారి గులిమి గట్టిపడి అడ్డుపడి వుంటుంది. తీసేస్తే వినికిడి వచ్చేస్తుంది. ఒక్కోసారి చీము కారి కర్ణభేరికి చిల్లి పడి వుంటుంది. దానికి మందు, ఆపరేషను వున్నాయి. కాచిన నూనె పోయడం, పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలకడం మానండి. ఇంకొక్క మాట బాగా గుర్తు పెట్టుకోండి. రాత్రి బాగానే పడుకున్న మనిషికి పొద్దున లేచేసరికి ఒక చెవి వినబడకుండా పోతే, రేపు మాపు అనకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అటువంటి చెవుడుకు తొలి రోజుల్లో మందు పడితేనే గుణం కనిపించే అవకాశం ఎక్కువ.

డాక్టరు చూశాక వినికిడి పరీక్ష చేయిస్తారు. నొప్పి వుండదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి సన్నవి, లావువి ధ్వనులు వినిపించి, వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంటారు. దాన్ని ఒక కాగితం మీద గీత గీసి ఇస్తారు. దానిపేరు ఆడియోగ్రాము. గుసగుస 30 డెసిబెల్సు, మామూలు మాట 60 డెసిబెల్సు వుంటుంది. 20, 25 లోపు చప్పుడు వినబడితే చెవి బాగున్నట్టే. మోత వల్ల దెబ్బ తిన్న చెవి అయితే, గీత 4,000 దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగుతుంది. ఆ కాగితాన్ని రేషను కార్డంత జాగ్రత్తగా దాచండి.

ఎందుకంటే బాయి మనిషికి అది సాక్ష్యం. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్సు దాటిన మోతలో ఏళ్ళ తరబడి పనిచేస్తే చెవికి ముప్పే. డ్రిల్లు మిషను మోత నూరు దాటుతుంది. మోత వల్ల వచ్చే చెవుడును 2011లో ప్రభుత్వం గనుల చట్టం కింద, అధికారులకు తప్పక తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. నష్టపరిహారానికి అర్హమైన వృత్తివ్యాధుల్లోనూ అది వుంది. గని కార్మికులకు కొన్నేళ్ళకోసారి వైద్యపరీక్ష జరగాలన్న నియమం ఎలాగూ వుంది. మీ ఇంట్లో డ్యూటీకి వెళ్ళేవారు వుంటే, ఆ పరీక్షప్పుడు చెవి పరీక్ష కూడా చేయించుకుని కాగితం తీసుకోమని చెప్పండి. రిటైరయ్యాక వెతుక్కోవడం కన్న కొలువులో వుండగా అడగడం మేలు. చెవి బిరడాలు ఇస్తే అవి జేబులో వుండటానికి కాదు, చెవిలో వుండటానికని కూడా చెప్పండి. టిఫిను డబ్బా సర్దే చేయి ఈ మాట చెబితే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక మిషను సంగతి. పూర్వం చొక్కా జేబులో చిన్న పెట్టె, దానినుంచి చెవికి తీగ వుండేవి. ఇప్పుడు చెవి వెనక కూర్చునేవి, చెవి లోపలే ఇమిడిపోయేవి వచ్చాయి. ఏదైనా లోపలి సరంజామా ఒకటే. శబ్దాన్ని పట్టే మైకు, దాన్ని పెంచే భాగం, చెవిలోకి వినిపించే చిన్న స్పీకరు, వీటిని నడిపే బ్యాటరీ. డిజిటల్ మిషన్లలో మీ ఆడియోగ్రాము గీతను బట్టి ఎక్కడ తగ్గితే అక్కడే పెంచుతారు. అందుకే ఒకరి మిషను మరొకరికి పనికిరాదు. పక్కింటి పెద్దమనిషి చనిపోతే ఆయన మిషను తెచ్చుకోవడం, ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకోవడం డబ్బు దండగ, ఒక్కోసారి చెవికి చేటు కూడా. వెల వేలలోనూ వుంది, లక్షల్లోనూ వుంది. వెల పెరిగినకొద్దీ వినికిడి పెరుగుతుందనుకోకండి. ఎన్నిసార్లు సరిచేసి ఇస్తారు, గ్యారంటీ ఎన్నాళ్ళు, పాడైతే దగ్గరలో బాగుచేసేవారు వున్నారా, ఈ మూడూ అడిగి కొనండి. రెండు చెవులూ తగ్గితే రెంటికీ పెట్టుకోవడం మంచిది. మాట ఏ వైపునుంచి వస్తున్నదో అప్పుడే బాగా తెలుస్తుంది.

అసలు కథ మిషను ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. మొదటి రోజు పెట్టుకోగానే లోకమంతా మీద పడ్డట్టు వుంటుంది. గిన్నెల చప్పుడు పిడుగులా, చీపురు చప్పుడు రంపంలా, తన గొంతు తనకే డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. "ఇది నాకొద్దు" అని తీసి అలమారలో పడేస్తారు. వేలు పోసి కొన్న మిషన్లు ఎన్ని ఇళ్ళల్లో అలా మూలుగుతున్నాయో! లోపం మిషనులో లేదు. ఏళ్ళ తరబడి ఆ చప్పుళ్ళు మరిచిపోయిన మెదడు వాటిని మళ్ళీ నేర్చుకోవాలి. అద్దాలు పెట్టగానే అక్షరం కనిపిస్తుంది. మిషను పెట్టగానే మాట అర్థం కాదు. దానికి కొన్ని వారాలు, కొందరికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

కనుక మొదటి వారం రోజుకు గంటో రెండు గంటలో, ఇంట్లోనే, ఒక్క మనిషితో మాట్లాడుతూ పెట్టుకోవాలి. తరువాత నెమ్మదిగా గంటలు పెంచాలి. ఆ తరువాత వాకిట్లోకి, దుకాణానికి, చివరికి పెళ్ళికి. మనవరాలి చేత పేపరు పైకి చదివించుకుంటూ తాను అదే పేపరు చూడటం మంచి సాధన. ఏ చప్పుడు బాధిస్తున్నదో కాగితం మీద రాసుకుని పోయి మిషను సరిచేయించుకోవాలి. ఒక్కసారికి సరిపోదు, రెండు మూడుసార్లు తిరగాలి. కీచుమని కూస్తే అచ్చు చెవిలో సరిగా కూర్చోలేదనో, గులిమి వుందనో అర్థం.

ఈ మూడు నెలలూ గట్టెక్కించేది ఎవరనుకున్నారు? ఇంట్లోవాళ్ళే, ముఖ్యంగా మనమే. మిషను వినిపిస్తుంది. వినాలనే కోరిక కలిగించేది ఇల్లు. వినికిడి తగ్గినవారితో మాట్లాడటానికి ఒక పద్ధతి వుంది. వంటింట్లోంచి కేకలు వేయకుండా దగ్గరికి వెళ్ళాలి. ముందు పేరో వరసో పెట్టి పిలిచి, వారు చూశాక మాట మొదలుపెట్టాలి. వెలుతురు మన ముఖం మీద పడేట్టు నిలబడాలి. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకూడదు. టీవీ ఆపాలి. అరవకూడదు. అరిస్తే హల్లు మరింత నలిగిపోతుంది, పైగా మన ముఖం కోపంగా కనిపిస్తుంది. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా, విడివిడిగా చెబితే చాలు. ఒక మాట రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే మాట పట్టుకు వేలాడకుండా మార్చి చెప్పాలి. "మంచిర్యాలకు పోదామా?" అర్థం కాకపోతే "బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోదాం" అనండి. ఫోను నెంబర్లు, తారీఖులు, మందుల వేళలు కాగితం మీద రాసివ్వండి. మాట్లాడిన మాటను తెలుగు అక్షరాల్లో చూపించే సదుపాయం కూడా ఇప్పుడు ఫోన్లలో వుంది, పిల్లలను అడిగితే చేసిపెడతారు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఇంకొకటి వుంది. నలుగురూ నవ్వుకుంటున్నప్పుడు "ఏందది?" అని వారడిగితే "ఏం లేదులే" అనకండి. ఆ ఒక్క మాట వారిని గదిలోంచి బయటికి తోసినంత పని చేస్తుంది. జోకు చిన్నదే కావచ్చు, మళ్ళీ చెప్పండి.

మిషను జాగ్రత్తలు ఇల్లాలికి కష్టం కాదు. రాత్రి తీసేటప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి పెట్టాలి. పొడిగుడ్డతో తుడవాలి, నీటితో కడగకూడదు. చెవి అచ్చును మాత్రం మిషను నుంచి విడదీసి కడిగి, బాగా ఆరాక తగిలించవచ్చు. మన ఎండలకు చెమట జాస్తి, వానాకాలం తేమ జాస్తి. కనుక తేమ పీల్చే సిలికా గుళికలు వేసిన మూత డబ్బాలో పెట్టాలి. స్నానానికి, తలకు నూనె పెట్టడానికి ముందు తీసేయాలి. బొత్తాం లాంటి బ్యాటరీలకు రంగు కాగితం అంటించి వుంటుంది. అది తీసి, గాలి తగలనిచ్చి, ఒక్క నిమిషం ఆగి వేసుకోవాలి. ఒకసారి తీశాక తిరిగి అంటించినా దాని ఆయువు ఆగదు. ఆ బ్యాటరీలు పసిపిల్లలకు అందనివ్వకండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతసేపూ ఇంటాయన చెవి గురించే చెప్పాను. మరి మీ చెవి? ఆడవాళ్ళకు వినబడకపోతే ఇంట్లో ఎవరూ గమనించరు. "అత్తకు పరధ్యానం ఎక్కువ" అనుకుంటారు. తానూ చెప్పదు. చెప్పినా "ఇంట్ల వుండేదానికి నాకెందుకు మిషను, ఆ పైసలు పిల్లల ఫీజుకైతయ్" అంటుంది. ఇంట్లో వుండేదానికే మాట ఎక్కువ కావాలి కదూ! పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు, ఉయ్యాల్లో పాప ఏడుపు, దూరాన వున్న కూతురి ఫోను, ఇవన్నీ ఆమెకు అక్కరలేదా? మగవారికి చేయించిన పరీక్ష మీరూ చేయించుకోండి.

సాయం సంగతి కూడా తెలుసుకోండి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్సుకు మించి తగ్గితే 2016 నాటి చట్టం ప్రకారం అది వినికిడి వైకల్యమే. జనం సదరం సర్టిఫికెట్టు అని పిలిచే ధ్రువపత్రం అటువంటి వాటికే. 1981 నుంచి నడుస్తున్న కేంద్రప్రభుత్వ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, వికలాంగులకు ఉపకరణాలతోపాటు వినికిడి మిషన్లూ ఇస్తారు. అరవై దాటిన పేదలకు 2017లో మొదలైన వయోశ్రీ పథకంలోనూ మిషన్లున్నాయి. జిల్లా కలెక్టరు కార్యాలయం 2023 నుంచి నస్పూరులోనే వుంది. వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమం చూసే అధికారులను అడిగితే శిబిరం ఎప్పుడో తెలుస్తుంది. పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆస్పత్రి వుంది, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వుంది. హైదరాబాదు బిడ్డ పేరు పెట్టుకున్న ఆ సంస్థ 1983లో బొంబాయిలో ఏర్పడింది.

చెవుడు వస్తే తెలివి తగ్గిందనుకునేవారికి ఒక పేరు చెప్పండి. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. సవరల భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగి, జ్వరం పట్టుకుని, క్వినైను వాడి వాడి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. అలా చెవులు దెబ్బతినీ, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని 1940లో కన్నుమూసేదాకా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నలుగురి మాట కోసం అంత పాటుపడిన మనిషికి ఆ మాట సరిగా వినబడేది కాదు!

మీ అలమారలో తీసి పడేసిన మిషను వుంటే ఇవాళే బయటికి తీయండి. కొత్త బ్యాటరీ వేయించండి, అవసరమైతే మళ్ళీ సరిచేయించండి. ఆ తరువాత టీవీ ఆపి, దగ్గరగా వెళ్ళి, ఎదురుగా కూర్చుని, పొద్దున్నుంచీ జరిగిన కబుర్లు ఒక్క పావుగంట చెప్పండి. రేపూ అలాగే చెప్పండి. మిషను చేయగలిగిన పని మిషను చేస్తుంది. మిగతా పని మన నోటిది, మన ఓపికది.